బొచ్చుగాడి మందుల డబ్బా

(విజయవాడ మొగల్రాజపురంలో ఒక ఆదివారం పొద్దున, కుక్కలు పెంచుకునేవాళ్ళ ముందు ఒక పశువైద్యుడు మాట్లాడిన మాటలకు అక్షరరూపం. మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారమండీ. వెనక వరసలో ఉన్న అమ్మగారూ, దాన్ని ఒళ్ళోంచి దించండి, గచ్చు మీద పడుకోనివ్వండి. దాని ఒళ్ళు మీకు వేడి, మీ ఒళ్ళు దానికి వేడి. ఆఁ, అదీ. చూశారా, దించగానే కాళ్ళు బార్లా చాపేసింది.

ఇవాళ నన్ను మాట్లాడమన్నది పోర్చుగీస్ వాటర్ డాగ్ గురించి. ఈ హాల్లో ఆ జాతివి ఎన్ని ఉన్నాయి? రెండు. ఆ గోధుమరంగుది కాదండీ, ఏమీ అనుకోకండి, అది పూడిల్ కలిసిన పిల్ల. మీకు ఏమని చెప్పి అమ్మారో నేను ఊహించగలను. (నవ్వులు) ఫర్వాలేదు, పూడిల్ కూడా ఒకప్పుడు నీళ్ళలోకి దూకి బాతుల్ని పట్టుకొచ్చిన కుక్కే. నేను చెప్పేదాంట్లో ముప్పాతిక వంతు దానికీ పనికొస్తుంది. లాబ్రడార్లు, కాకర్ స్పానియల్‌లు తెచ్చుకున్నవాళ్ళు కూడా లేచిపోకండి, గోమార్లకి జాతి పట్టింపు లేదు.

పోర్చుగల్ దక్షిణ కొసన అల్గార్వ్ అనే తీరం ఉంది. అక్కడి జాలర్ల పడవల్లో తిరిగిన కుక్క ఇది. మన నిజాంపట్నం రేవు నుంచి వేటకెళ్ళే పడవలో పనికుర్రాడు చేసే పనులు అక్కడ ఇది చేసేది. చేపల్ని వలవైపు తోలడం, నీళ్ళలో జారిన తాడు నోట కరుచుకొచ్చి ఇవ్వడం, ఈ పడవ నుంచి ఆ పడవకి కబురు మోయడం. వేళ్ళ మధ్య బాతు కాళ్ళకున్నట్టు పొర ఉంటుంది, కావాలంటే ఆ ముందు కూర్చున్నవాడి పంజా విప్పి చూడండి. ఎత్తు 43 నుంచి 57 సెంటీమీటర్లు, బరువు 16 నుంచి 27 కిలోలు. మధ్యస్థం అంటే అదీ. 1930ల నాటికి ఈ జాతి దాదాపు అంతరించింది. వాస్కో బెన్సావుడ్ అనే ఆసామి మిగిలిన కొద్ది కుక్కల్ని పోగుచేసి సంతతి నిలబెట్టాడు. 2009లో అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామా ఇంటికి ‘బో’ అనే కుక్క వెళ్ళాక ప్రపంచమంతా ఈ జాతి పేరు మారుమోగింది. వాళ్ళ పెద్దమ్మాయికి ఎలర్జీ, ఇది బొచ్చు రాల్చదు, అందుకని తెచ్చుకున్నారు. ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను: బొచ్చు రాలకపోతే ఎలర్జీ రాదనుకోవద్దు. ఎలర్జీ తెప్పించేది కుక్క ఎంగిల్లో, చర్మపు పొట్టులో ఉంటుంది. ఆయాసం ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే కొనేముందు ఒక పూట ఆ కుక్కతో గడిపి చూసుకోండి.

కొద్ది కుక్కల నుంచి పెరిగిన జాతి అన్నాను కదా. మనవాళ్ళకి మేనరికం గురించి నేను విడమర్చి చెప్పక్కర్లేదు. అమ్మానాన్నా ఇద్దరూ పైకి ఆరోగ్యంగానే ఉంటారు, ఇద్దరిలోనూ ఒకే దోషం దాగి ఉంటుంది, నలుగురు పిల్లల్లో ఒకరికి అది బయటపడే అవకాశం ఉంటుంది. ఈ కుక్కలోనూ అదే లెక్క. కంటి వెనక ఉండే రెటీనా పొర క్రమంగా చచ్చిపోయి ముందు రేచీకటి, తర్వాత పూర్తి గుడ్డితనం వచ్చే జబ్బు ఒకటి, దాన్ని పీఆర్‌ఏ అంటారు. జీఎం1 అని నరాల జబ్బు ఒకటి, అది వచ్చిన పిల్ల ఏడాది నిండకుండానే పోతుంది. మూడోది పిల్లకుక్కల గుండె ఉబ్బే జబ్బు. నిన్న ఆడుకున్న మూడు నెలల పిల్ల ఇవాళ పొద్దున లేవదు. ఈ మూడింటికీ డీఎన్‌ఏ పరీక్షలున్నాయి, రక్తమో బుగ్గ లోపలి తడో చాలు. పిల్లని కొనేటప్పుడు తల్లిదండ్రుల సర్టిఫికెట్ అడుగుతారు, ఫొటోలు అడుగుతారు, ఆ పరీక్ష కాగితం మాత్రం ఎవరూ అడగరు. అదే అడగండి. తుంటి ఎక్స్‌రే కూడా అడగండి.

ఇక అసలు సంగతికి వస్తాను. మీకు ఒక దారం చూపిస్తాను. (జేబులోంచి తీసి చూపారు.) నల్లదారం. దిష్టి దారం. పటమటలో ఒక ఇంట్లో మూడు నెలల పిల్లకి మెళ్ళో కట్టారు. పిల్ల పెరిగింది, మెడ పెరిగింది, దారం పెరగలేదు. పైన ఉంగరాల జుట్టు, నాలుగంగుళాల మందాన. ఏడో నెలలో ‘మెడ దగ్గర వాసనొస్తోంది, డాక్టరుగారూ’ అని తీసుకొచ్చారు. జుట్టు కత్తిరించి చూస్తే దారం చర్మాన్ని కోసుకుని లోపలికి దిగిపోయి ఉంది. చుట్టూ చీము. వాళ్ళు కుక్కని ప్రాణంగా చూసుకునేవాళ్ళేనండీ. రోజూ దువ్వారు, రోజూ ముద్దు చేశారు. కాకపోతే జుట్టుని చూశారు, ఒంటిని చూడలేదు.

ఈ జాతితో ఉన్న చిక్కంతా అదే. లాబ్రడార్ చిక్కిపోతే వీధి చివరి నుంచి తెలుస్తుంది. ఇది చిక్కిపోయినా బొద్దుగానే కనిపిస్తుంది. ఐదు కిలోలు తగ్గినా మీకు తెలీదు, ఆరు కిలోలు పెరిగినా తెలీదు. అందుకని కళ్ళతో కాదు, వేళ్ళతో చూడండి. రోజుకోసారి, టీవీ చూసేటప్పుడైనా సరే, చెవి మొదలు తోక దాకా వేళ్ళు చర్మానికి తగిలేలా పోనివ్వండి. పక్కటెముకలు చేతికి తగలాలి, మెటికల మీద చర్మంలా కొంచెం కప్పుతో తగలాలి. చంకలో, గజ్జల్లో, కాలివేళ్ళ మధ్య గడ్డగానీ గోమారిగానీ ఉంటే అప్పుడే దొరుకుతుంది.

రెండోది, కాటా. నెలకోసారి తూకం. కుక్క కాటా మీద నిలబడదంటారు. మీరు ఒక్కరే ఎక్కి చూసుకోండి, తర్వాత దాన్ని ఎత్తుకుని ఎక్కండి, తేడా రాసుకోండి. మందు లెక్కంతా ఈ తూకం మీదే ఉంటుంది. ‘డాక్టరుగారూ, ఒక 20 కిలోలు ఉంటుందేమో’ అంటారు ఫోన్లో. తీసుకొచ్చి తూస్తే 15 ఉంటుంది. ఆ ఐదు కిలోల మందు ఎక్కడికి పోతుంది? కాలేయానికి, కిడ్నీకి.

మనవాళ్ళలో ఒక లెక్క ఉంది, మీ అందరికీ తెలుసు. కుక్క అంటే చిన్నపిల్లాడితో సమానం, కాబట్టి పిల్లాడికిచ్చే డోసు. లేకపోతే పెద్దవాళ్ళ బిళ్ళలో సగం. ఈ లెక్క రెండు వైపులా తప్పుతుందండీ. ఆ ‘రెండు వైపులా’ అన్నదే ఇవాళ మీరు ఇంటికి పట్టుకెళ్ళాలి.

మొదటి వైపు మీకు కొంత తెలిసిందే. ఒళ్ళునొప్పులకి మీరు మింగే ఇబుప్రొఫెన్ 400 బిళ్ళ ఉంది కదా. 20 కిలోల కుక్కకి అది వేస్తే కిలోకి 20 మిల్లీగ్రాములు పడినట్టు. కడుపులో పుండు పడి రక్తపు వాంతి అవడానికి అది చాలు. డైక్లోఫెనాక్ కూడా అంతే. డైక్లోఫెనాక్‌ని పశువులకి వాడకూడదని 2006లోనే నిషేధించారు, అది రాబందుల వల్ల. ఆ మందు పడిన గొడ్డు చచ్చాక దాన్ని తిన్న రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోయాయి. కుక్కకి రాబందంత సున్నితం లేదు గానీ, దాని కడుపు, కిడ్నీ ఈ మందుకి తట్టుకోవు. పారాసెటమాల్ అయితే కుక్కలకి కొన్నిసార్లు మేమే రాస్తాం, కిలోకి 10, 15 మిల్లీగ్రాములు. మీ ఇంట్లో ఉన్నది 650. 20 కిలోల కుక్కకి అది రెండింతలు దాటిపోతుంది. ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఆ బిళ్ళ ముక్క కూడా దాని దరిదాపులకి వెళ్ళకూడదు, పిల్లికి పారాసెటమాల్ ప్రాణాంతకం.

రెండో వైపు ఎవరూ చెప్పరు. కొన్ని మందులు కుక్కకి మనిషికంటే ఎక్కువ కావాలి. థైరాయిడ్ తగ్గినప్పుడు వేసే లెవోథైరాక్సిన్ తీసుకోండి. ఇక్కడ చాలామంది ఆడవాళ్ళు పొద్దున్నే పరగడుపున వేసుకుంటారు, 75, 100 మైక్రోగ్రాములు. 20 కిలోల కుక్కకి మొదట్లో ఎంత రాస్తామో తెలుసా? పూటకి 400 దాకా, రోజుకి రెండు పూటలు. కుక్క ఒంట్లో అది సరిగా ఇంకదు, ఇంకింది తొందరగా బయటికి పోతుంది. ఈ చీటీ పట్టుకుని మందుల షాపుకి వెళ్తే అక్కడి కుర్రాడు చీటీ చూస్తాడు, మిమ్మల్ని చూస్తాడు, ‘ఇది డాక్టరు పొరపాటు రాసినట్టున్నాడండీ, కుక్కకి ఇంతెందుకు, ఒకటి వేయండి’ అంటాడు. మంచి మనసుతోనే అంటాడు. మీరు ఇంటికొచ్చి ఒకటే వేస్తారు. మూడు నెలల తర్వాత కుక్క అలాగే మందంగా, జుట్టు ఊడిపోయి ఉంటుంది, ‘మందు పనిచేయలేదు’ అంటారు. అనుమానం వస్తే రాసినవాడికి ఫోన్ చేయండి. నేను విసుక్కుంటాను, అయినా చేయండి. (నవ్వులు)

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. ఇది కొంచెం పొడుగు కథ, మంచినీళ్ళు తాగి మొదలెడతాను.

అమెరికాలో కొన్నేళ్ళుండి తిరిగొచ్చిన ఒక కుటుంబం ఈ జాతి కుక్కని వెంట తెచ్చుకుంది. నల్లటిది, మగది, నాలుగేళ్ళది. కాగితాల్లో ఏదో పెద్ద పేరు ఉంది. ఇంట్లో మామ్మగారు మాత్రం ‘బొచ్చుగాడు’ అనేవారు, చివరికి అదీ ఆ పేరుకే పలికేది. ఒక వేసవిలో వచ్చారు. రెండు రోజులుగా తిండి ముట్టలేదు, వాంతులు, ఒక విరేచనం, నీరసం. ఎండాకాలం, కడుపులో తేడా అనుకున్నాను. సెలైన్ పెట్టాను, వాంతికి సూది వేశాను. సాయంత్రానికి తోక ఊపుతూ వెళ్ళాడు. నేనూ సంతోషపడ్డాను. నెలన్నర తర్వాత మళ్ళీ అదే. మళ్ళీ సెలైన్, మళ్ళీ తోక. మామ్మగారు అన్నారు: ‘డాక్టరు బాబూ, వీడికి మా మనవరాలు హాస్టల్‌కి వెళ్ళిపోయినప్పుడల్లా వస్తోందయ్యా ఇది.’ నేను నవ్వి ఊరుకున్నాను. బెంగ అనుకున్నాను. ఆవిడ నాకు రోగనిర్ధారణ చేసి చేతిలో పెట్టింది, నేను వినలేదు.

మూడోసారి దీపావళి మర్నాడు. ఎత్తుకుని తెచ్చారు. కాళ్ళు నిలవడం లేదు, చిగుళ్ళు తెల్లగా ఉన్నాయి, ఒళ్ళు చల్లగా ఉంది. స్టెత్ పెట్టాను. అప్పుడు నా వెన్ను జలదరించింది. అంత పడిపోయిన కుక్క గుండె పరిగెత్తాలండీ, నిమిషానికి 150, 160 కొట్టుకోవాలి. వీడిది 60 కొట్టుకుంటోంది. రక్తం పంపితే సోడియం 128, పొటాషియం 7.1. ఆ రెంటినీ భాగిస్తే 18 వస్తుంది. మామూలుగా 27కి పైనే ఉండాలి. అప్పుడు గుర్తొచ్చింది, తిరుపతిలో చదువుకున్నప్పుడు పుస్తకంలో అరపేజీ ఉన్న జబ్బు. ఎడిసన్స్.

కిడ్నీల మీద రెండు చిన్న గ్రంథులుంటాయి, చిక్కుడు గింజంత. ఒంటికి కష్టం వచ్చినప్పుడు తట్టుకునే కార్టిసాల్ అనే హార్మోను, ఒంట్లో ఉప్పు నిలబెట్టే హార్మోను, రెండూ అక్కడే తయారవుతాయి. ఎడిసన్స్‌లో ఆ గ్రంథిని ఒంటి రక్షణ వ్యవస్థే తినేస్తుంది. ఉప్పు మూత్రంలో కొట్టుకుపోతుంది, పొటాషియం పేరుకుంటుంది, పేరుకున్న పొటాషియం గుండెని నెమ్మది చేస్తుంది. మామూలు రోజుల్లో ఎలాగో నెట్టుకొస్తుంది. ఇంట్లో మనిషి వెళ్ళిపోయినా, బాంబుల మోత వచ్చినా, కొత్త ఊరు వెళ్ళినా కూలబడిపోతుంది. సెలైన్ అంటే ఏమిటి, ఉప్పునీళ్ళే కదా. అది ఎక్కించగానే లోటు పూడి లేచి కూర్చుంటుంది. అంటే నేను రెండుసార్లు జబ్బుకి తెలీకుండానే మందు వేశాను, ఆ మందే జబ్బుని నా కళ్ళ నుంచి దాచింది.

ఈ జాతికి ఎడిసన్స్ ఎక్కువ. స్టాండర్డ్ పూడిల్‌కీ ఎక్కువే. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయంలో గోర్డన్ లార్క్ అనే జన్యు శాస్త్రవేత్త తన సొంత పోర్చుగీస్ కుక్క ‘జార్జీ’ చనిపోయాక దాని పేరు మీద ఒక పరిశోధన మొదలెట్టాడు. ఆ కుక్కలవాళ్ళు వందలమంది రక్తం, ఎక్స్‌రేలు పంపారు. ఎడిసన్స్‌కి సంబంధించిన జన్యు స్థానాల మీద 2006లో వ్యాసం వచ్చింది. కుక్కల్లో చిన్నా పెద్దా సైజుని నిర్ణయించే ఐజీఎఫ్1 జన్యువు సంగతి 2007లో తేలిందీ ఈ కుక్కల సాయంతోనే. అల్గార్వ్ పడవలో తాడు అందించిన కుక్క ప్రయోగశాలలో కూడా అదే పని చేసింది.

కాబట్టి ఈ జాతి కుక్క వాంతులు, నీరసం అంటూ వచ్చిపోతూ ఉంటే, రెండోసారికే ‘సోడియం, పొటాషియం చూడండి, కార్టిసాల్ చూడండి’ అని మీరే అడగండి. డాక్టరు ఏమనుకుంటాడో అని మొహమాటపడొద్దు. కార్టిసాల్ డెసిలీటరు రక్తానికి 2 మైక్రోగ్రాములు దాటి ఉంటే ఈ జబ్బు దాదాపు లేనట్టే. తక్కువ వస్తే ఏసీటీహెచ్ అనే సూది ఇచ్చి గంట ఆగి మళ్ళీ రక్తం తీసి తేలుస్తాం.

మందు? జీవితాంతం. విదేశాల్లో నెలకోసారి వేసే సూది ఉంది. బొచ్చుగాడికి నేను రాసింది మనుషుల షాపులో దొరికే ఫ్లూడ్రోకార్టిసోన్ బిళ్ళ, 0.1 మిల్లీగ్రాములది. మనిషికి మామూలుగా రోజుకి ఒకటి. 20 కిలోల కుక్కకి రెండు నుంచి నాలుగు. చూశారా, మళ్ళీ ఆ రెండో వైపు. దాంతోపాటు కొంచెం ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, కిలోకి 0.1, 0.2 మిల్లీగ్రాములు, అంటే రోజంతటికీ రెండు నుంచి నాలుగు మిల్లీగ్రాములు. ఇక్కడ కిటుకేమిటంటే, కష్టం వచ్చే రోజుకి ముందే ఆ ప్రెడ్నిసొలోన్ రెట్టింపు చేయాలి. దీపావళికి ముందు రోజు నుంచి, సంక్రాంతికి కారులో ఊరెళ్ళే రోజు, ఇంట్లో పెళ్ళి భజంత్రీలు మోగే రోజు. ఎంత, ఎన్నాళ్ళు అనేది మీ డాక్టరు ముందే కాగితం మీద రాసివ్వాలి. స్టెరాయిడ్ అంటే భయపడి, ‘బాగానే ఉన్నాడు కదా’ అని నాలుగు రోజులు మానేస్తే మళ్ళీ దీపావళి మర్నాడే. ఒంట్లో తయారు కానిదాన్ని బయట నుంచి పోస్తున్నాం, అంతే. ఉప్పు లేని పప్పులో ఉప్పు వేసినట్టు.

ఇంకో ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది. రోజూ ప్రెడ్నిసొలోన్ వేసుకునే కుక్క ఒకరోజు కుంటుతుంది. మీరు దగ్గర్లో ఉన్న ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తారు. ఆయన మెలాక్సికామ్ అనే నొప్పి మందు ఇస్తాడు. అది కుక్కకి మంచి మందే, మొదటి రోజు కిలోకి 0.2, తర్వాత 0.1. కానీ స్టెరాయిడ్‌తో కలిస్తే కడుపు గోడకి చిల్లు పడొచ్చు. ఆయన తప్పు కాదు, మీరు చెప్పలేదు. అందుకే ప్రతి మందు పేరూ ఒక చోట రాసి ఉండాలి. బొచ్చుగాడి ఇంట్లో మామ్మగారు ఆ పని గోడ క్యాలెండరు మీద చేసేది. పాలవాడి లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ, పక్కనే ‘బొ. 19.4 కి. బిళ్ళలు 3’. ఫోన్లో యాప్‌లో పెట్టుకున్న వాళ్ళ అబ్బాయి దగ్గర ఏ లెక్కా దొరికేది కాదు.

(సభలోంచి ప్రశ్న: ‘గోమార్లకి మెడ మీద పోసే మందు వేస్తున్నామండీ, అయినా వస్తున్నాయి.’)

మీది ఏ కుక్కండీ? ఆ రెంటిలో ఒకటా. ఎన్ని రోజులకోసారి ఈత? రోజూనా! సీతానగరం ఘాట్‌లోనా! ఇంకేం మందండీ, కృష్ణలో కలిసిపోయింది. ఆ మందు చర్మపు నూనెలో వ్యాపించి పనిచేస్తుంది. వేసే ముందు రెండు రోజులు, వేశాక రెండు రోజులు స్నానం ఉండకూడదు. రోజూ నీళ్ళలో దిగేవాటికి అది అంటుకుని ఉండదు. పైగా ఈ జుట్టులో సగం మందు జుట్టుకే పూస్తారు. నీటి కుక్కకి నోటి బిళ్ళే మేలు. ఫ్లూరలానర్ అయితే మూడు నెలలకోసారి, అఫాక్సొలానర్ అయితే నెలకోసారి. ఫ్లూరలానర్ తిండితో పాటే వేయాలి, ఖాళీ కడుపున సరిగా ఇంకదు. మూర్ఛలు వచ్చిన కుక్క అయితే ముందే చెప్పండి, ఈ రకం మందులతో కొన్నిటికి ఫిట్స్ రావచ్చని అమెరికా ఔషధ సంస్థ 2018లో హెచ్చరించింది. పశువుల ఐవర్‌మెక్టిన్ సీసా తెచ్చి ‘అర సీసీ’ వేసే అలవాటు మన పల్లెల్లో ఉంది. అందులో ఒక్క మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములుంటుంది. అది గేదెని లెక్కలో పెట్టుకుని చేసిన సీసా. కోలీ జాతి రక్తం ఉన్న కుక్కకి అలా వేస్తే మళ్ళీ లేవకపోవచ్చు.

ఇంకోటి, గోమారి కుక్క మీద ఉండేది కొన్నాళ్ళే. మిగతా కాలం మీ ఇంట్లోనే ఉంటుంది, గోడ పగుళ్ళలో, మంచం కోళ్ళ సందుల్లో. ఆడది వేలల్లో గుడ్లు పెడుతుంది. కుక్కకి మందేసి ఇంటిని వదిలేస్తే లాభం లేదు.

గోమారి జ్వరం వస్తే డాక్సీసైక్లిన్ రాస్తాం, సాధారణంగా 28 రోజులు. నాలుగో రోజుకే లేచి తింటుంది, మనవాళ్ళు ఐదో రోజు మానేస్తారు. మిగిలినవి ‘మళ్ళీ వస్తే పనికొస్తాయి’ అని దాస్తారు. మళ్ళీ వస్తుంది కూడా! రెండో తప్పు పెరుగన్నం. మన ఇళ్ళలో కుక్కకి ఏ బిళ్ళయినా పెరుగన్నం ముద్దలోనే. పాలల్లో, పెరుగులో ఉండే కాల్షియం ఈ మందుని పట్టేసుకుని సరిగా ఇంకనివ్వదు. ఉత్త అన్నంలో చికెన్ నీళ్ళు కలిపి పెట్టండి. పొడిగా మింగిస్తే గొంతులో అతుక్కుని పుండు పడుతుంది, వెనకే నీళ్ళు తాగించండి.

నీళ్ళ మాట వచ్చింది కనక చెప్తాను. కుక్కకి ఈత వద్దనను, దాని పుట్టుకే అది. కానీ మన బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవల్లో ఏం కలుస్తుందో మీకు నాకంటే బాగా తెలుసు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళలో లెప్టోస్పైరా అనే క్రిమి ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిందే, అలాంటి వరద తీశాక ఆ బురదలో, నిలవనీళ్ళలో వారాల తరబడి బతుకుతుంది. కుక్కకి జ్వరం, వాంతులు, కళ్ళు పచ్చబడటం, కిడ్నీ దెబ్బ. దాని మూత్రం తగిలితే మనకీ వస్తుంది, కడిగేటప్పుడు చేతులకి తొడుగులు వేసుకోండి. టీకా ఉంది. మొదటిసారి రెండు డోసులు, తర్వాత ఏటా. ‘ఏటా ఎందుకండీ, కంపెనీల వ్యాపారం’ అంటారు. పార్వో, డిస్టెంపర్ టీకాల విషయంలో ఆ మాట కాస్త ఆలోచించదగ్గదే, లెప్టో విషయంలో మాత్రం కాదు. దాని బలం ఏడాది మించి నమ్మలేం. రేబిస్ గురించి నేను వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. జులై 6న పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు, క్యూ ఉంటుంది, పొద్దున్నే వెళ్ళండి.

ఈత అయ్యాక చెవులు. వేలాడే చెవి, లోపల జుట్టు, అందులో తడి. ఇడ్లీ పిండి పులియడానికి ఎలాంటి చోటు చూస్తారో అలాంటి చోటు. (నవ్వులు) మెత్తటి గుడ్డతో, వేలు పోయినంతవరకే తుడవండి. పుల్లకి దూది చుట్టి లోపలికి పొడవొద్దు. వెచ్చటి నూనె పోయొద్దు. ఇంట్లో ఉన్న పాత చెవి మందు అసలే వద్దు. కర్ణభేరికి చిల్లు ఉండి జెంటామైసిన్ లాంటి మందు లోపలికి దిగితే వినికిడే పోతుంది. ముందు లైటు పెట్టి చూసి అప్పుడు మందు.

ఎండ. మే నెలలో మన ఊరు ఎలా కాలుతుందో చెప్పను. జుట్టు అంగుళం పొడవు మిగిల్చి కత్తిరించండి, గుండు చేయొద్దు, చర్మం కాలుతుంది. కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ మామూలు. 105 దాటితే వడదెబ్బే అనుకోండి. మా దగ్గరికి పరిగెత్తే ముందు మీ కుళాయి నీళ్ళతో ఒళ్ళంతా తడపండి, జుట్టు కింద చర్మం తడిసేదాకా, ఫ్యాన్ పెట్టండి. 103కి దిగాక ఆపి, అప్పుడు బయల్దేరండి.

(ప్రశ్న: ‘మేం తినేదే పెడతామండీ. ఏవి పెట్టకూడదు?’)

ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, షుగర్‌లెస్ చూయింగ్‌గమ్‌లో ఉండే జైలిటాల్, ద్రాక్ష, కిస్‌మిస్. పాయసంలో కిస్‌మిస్ ఏరి పక్కన పెడతారు చూడండి పిల్లలు, అవి కుక్క నోట్లోకే పోతాయి. అయితే మన గుంటూరు, కృష్ణా జిల్లాలవాళ్ళకి నేను ప్రత్యేకంగా చెప్పాల్సింది చింతపండు. ద్రాక్షలో కుక్క కిడ్నీని దెబ్బతీసేది టార్టారిక్ ఆమ్లమని ఈమధ్య గట్టిగా అనుమానిస్తున్నారు. అదే ఆమ్లం చింతపండులో దండిగా ఉంది. చింతపండు తిన్న కుక్కలకి కిడ్నీలు దెబ్బతిన్న కేసులు 2022లో వైద్య పత్రికలో వచ్చాయి. పులిహోర, పులుసు, పప్పుచారు అన్నం, ఇవేవీ వద్దు. నేనూ ముప్పై ఏళ్ళు మా ఇంట్లో కుక్కకి పప్పుచారన్నం పెట్టినవాణ్ణే. ‘దానికేం కాలేదు కదా’ అని మా ఆవిడ ఇప్పటికీ వాదిస్తుంది. కాలేదు. సిగరెట్లు తాగి తొంభై ఏళ్ళు బతికిన మా పెదనాన్నకీ ఏం కాలేదు.

ఇంకా ప్రశ్నలుంటే ఒక్కొక్కరే ఇటు రండి, మాట్లాడుతూ పని చేసుకుందాం. బాబూ, ఆ కాటా ఇలా పట్రా, కింద గోనెపట్టా వెయ్యి, లేకపోతే జారుతుందని భయపడతాయి. ముందు ఆ నల్లదాన్ని ఎక్కిద్దాం. ఎంత ఉంటుందనుకుంటున్నారండీ మీరు? 22? సరే, ఎవరైనా రాసుకోండి. ఊఁ, కదలకమ్మా... పదిహేడు మీద మూడొందలు.